కొండ మోయగల బరువు

మరియగిరి కొండకు బరువెక్కువైందని కనిపెట్టిన ఏడాది నేను కొండల భద్రతా మండలిలో సీనియర్ అసిస్టెంటుని. పేరు చిన్నప్ప. కొండల భద్రతా మండలి అంటే కొండలు ఎక్కడికీ పారిపోకుండా కాపలా కాసే ఆఫీసని మా ఆవిడ అనుకునేది. పెళ్ళైన కొత్తలో ఆ మాట ఖండించేవాణ్ణి. సర్వీసు పెరిగేకొద్దీ ఖండించడానికి ఆధారాలు దొరక్క మానేశాను.

మరియగిరి మీద ఒక గుడి ఉంది. మేం కతోలికులం మాత గుడి అంటాం. కింద బస్సు దిగాక ఆరు కిలోమీటర్లు కంపచెట్ల మధ్య నడిచి, ఆపైన గంటన్నర ఎక్కాలి. తొంభై ఏళ్ళ కిందట ఒక విదేశీ ఫాదర్ గారు, పైకి వచ్చే ప్రతివాళ్ళూ తలా ఒక రాయి తెండి, గుడి కట్టుకుందాం అన్నారట. జనం తెచ్చారు, గుడి లేచింది. ఇక చాలు అని చెప్పడం ఆయన మరిచిపోయారో, చెప్పేలోపే పోయారో తెలీదు గానీ జనం మాత్రం ఆపలేదు. ఇప్పటికీ ఫిబ్రవరి పండగకు ఎవరి ఇంటినుంచి వాళ్ళు ఒక రాయి తెచ్చుకుంటారు. ఉన్న కష్టమంతా దానికి చెప్పుకుంటూ ఎక్కుతారు. గుడి వెనక గుట్టలో పడేసి, వెనక్కి చూడకుండా దిగుతారు. మా అమ్మ ఏటా మా నాన్న పేరు మీద ఒకటి పడేసి వచ్చేది. నాన్న మారింది లేదు. కానీ దిగేటప్పుడు అమ్మ పాటలు పాడుకుంటూ దిగేది, ఆ పాటతో ఇంకో ఏడాది సంసారం నెట్టుకొచ్చేది.

మా ప్రత్యేకాధికారి ధన్వంతరిరావు గారు చెడ్డవారు కారు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోరు, కాఫీ కూడా ఇంటినుంచే ఫ్లాస్కులో తెచ్చుకుంటారు. ఆయనకున్న జబ్బల్లా ఏ శిక్షణకు పంపితే ఆ శిక్షణ ఒంటికి పట్టడం. ఆ జనవరిలో ఆయన్ని 'సమతుల్య నిర్వహణ' మీద మూడు రోజుల శిక్షణకు పంపారు. వచ్చీ రాగానే, ఆఫీసులోకి ఒక ఫైలు వస్తే ఒక ఫైలు బయటికి పోవాలని ఆర్డరు వేశారు. ఏ ఫైలు పోవాలో చెప్పలేదు కాబట్టి మేము చేతికందిన ఫైలు పంపేవాళ్ళం. ఆ నెలలో మా కొండలు చాలా ఊళ్ళు తిరిగాయి.

అలాంటి సమయంలో పండగ ఏర్పాట్ల సమీక్షా సమావేశం వచ్చింది. గుడి తరఫున విచారణ గురువు, అంటే ఆ గుడి బాధ్యత చూసే ఫాదర్ శౌరిరాజు వచ్చారు. మంచినీళ్ళ ట్యాంకరు రెండు ట్రిప్పులు ఎక్కువ వేయిస్తే చాలని అడుగుదామని ఆయన ఉద్దేశం. ఆ అడగడం కుదరనే లేదు.

"ఫాదర్ గారూ, ఏటా ఎంతమంది భక్తులు?" అన్నారు ధన్వంతరిరావు గారు.

"నలభై వేల దాకా వస్తారండీ."

"తలకొక రాయి. సగటున రెండు కిలోలు. అనగా సంవత్సరానికి ఎనభై టన్నులు. తొంభై సంవత్సరాలకు ఏడువేల రెండువందల టన్నులు." ఆయన కాలిక్యులేటర్ని అందరికీ కనబడేట్టు తిప్పారు. "ఈ భారం కొండ మీదికి ఆగమించినది. నిర్గమించినది ఎంత?"

"ఏమీ లేదండీ. పడేసి పోతారు."

సమావేశంలో అందరూ గుండెల మీద చేతులు వేసుకున్నారు. నేనూ వేసుకున్నాను, ఆఫీసులో అది పద్ధతి.

"ఈ కొండ గరిష్ఠంగా ఎంత భారం మోయగలదో తెలిపే ధ్రువపత్రం మీ వద్ద ఉన్నదా?"

"కొండకా అండీ? లేదండీ. అది ముందునుంచీ అక్కడే ఉంది."

"అనగా ఏ అనుమతీ లేకుండా ఉన్నది. నోట్ చేసుకోండి చిన్నప్పా."

ఫాదర్ గారు మెల్లిగా నవ్వి, "సార్, కొండ కూడా రాయేనండీ. రాయి మీద రాయి పడితే ఏమవుతుందండీ?" అన్నారు.

"అందుకే మరింత ప్రమాదం. సజాతీయ భారం. అవి కలిసిపోవుటకు అవకాశమున్నది. కలిసిపోయినచో లెక్క తేలదు."

ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు వెలువడింది. ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, మరియగిరి పర్వతమునకు ఒక రాతిని చేర్చు ప్రతి వ్యక్తియు దిగునపుడు ఒక రాతిని తీసుకొనిపోవలెను. పాత గుట్ట విచారణలో ఉన్నందున దానిపై చేయి వేయరాదు. పండగ మూడు రోజులలో చేరినవి, పోయినవి సరిసమానముగా ఉండవలెను. కొండ కింద ఆగమన కౌంటరు, పైన నిర్గమన కౌంటరు. మీవాళ్ళ పండగే కదా అని పైన కౌంటరు నాకిచ్చారు.

శుక్రవారం పొద్దున్న గుడి పక్కన షామియానా కింద టేబులు వేసుకుని కూర్చున్నాను. కింద ప్రతివాళ్ళకీ నీలం చీటీ ఇస్తున్నారు. దిగేటప్పుడు చేతిలో రాయి చూపిస్తే ఆ చీటీ మీద నేను ముద్ర కొడతాను. ముద్ర లేకపోతే కింద గేటు తియ్యరు. చాలా చక్కని ఏర్పాటు. ముద్ర కొత్తది, ఇంకు కొత్తది, నేను కూడా చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాను.

మొదట వచ్చినవాడు పొనుగుపాటి ఇన్నయ్య, మిరప రైతు, మా అమ్మగారి ఊరివాడు. రాయి గుట్ట పక్కన తాళ్ళు కట్టిన కొత్త చోట పడేసి, చేతులు దులుపుకుని, చీటీ టేబులు మీద పెట్టాడు.

"ఒక రాయి పట్టుకెళ్ళాలి మామా," అన్నాను.

"యాడికి?"

"మీ ఇంటికి."

"ఎవురి రాయి?"

"ఎవరిదైనా ఫరవాలేదు. లెక్క సరిపోవాలి."

ఇన్నయ్య చుట్టూ చూశాడు, నా వెనక కూడా చూశాడు, ఇంకెవరన్నా పెద్దమనిషి ఉన్నాడేమోనని. "ఏందిరా చిన్నప్పా, నీకేమన్నా మతి పోయిందా? నా బాధేదో నేను మోసుకొచ్చి తల్లికాడ పడేస్తే, ఎవుడి పీడనో నెత్తిన పెట్టుకుని దిగాలా? అందులో ఏముందో ఎవురికి తెలుసు? ఒకడికి కోర్టు కేసు ఉండుద్ది, ఒకడికి కడుపులో పుండు ఉండుద్ది. నా మిరప చేలో ఉన్న ఆకుముడత తెగులే చాలు, దానికి తోడు పుండు కూడానా?"

వెనక వరసలో ఉన్నవాళ్ళంతా అవునవునన్నారు. ఒకావిడ తన రాయి గుట్టలోకి ఇంకాస్త లోపలికి తోసింది, పొరపాటున మళ్ళీ తనకే వస్తుందేమోనని. ఎక్కేవాళ్ళు ఎక్కుతూనే ఉన్నారు, దిగేవాడు ఒక్కడు లేడు. పన్నెండు గంటలకల్లా కొండ మీద మూడు వేల మంది తేలారు. ఉన్న బరువు చాలదన్నట్టు వీళ్ళొకరు. సాంబారన్నం గంగాళాలు అడుగంటాయి. ఫాదర్ శౌరిరాజు గారు ఒక జపమాల తరవాత ఇంకో జపమాల చెప్పిస్తూ జనాన్ని కూర్చోబెట్టారు. నేను ధన్వంతరిరావు గారికి ఫోను చేశాను.

"కష్టములు రాళ్ళ ద్వారా బదిలీ అగునట్లు ఏ నిబంధనలోనూ లేదు," అన్నారాయన.

"వాళ్ళకి నిబంధనలు తెలీవు సార్. ఎవరి కష్టమో, ఏం కష్టమో తెలీకుండా ముట్టుకోం అంటున్నారు."

ఆ మాట వినగానే ఆయన గొంతులో ఉత్సాహం వచ్చింది. "అదీ సంగతి! వారి అభ్యంతరము రాతిపై కాదు, సమాచార లోపముపై. పారదర్శకత లేదు. రెండు గంటలలో సరిచేయుదము."

రెండు గంటల్లో కింద కౌంటరులో కష్ట ప్రకటన పత్రాలు ఇవ్వడం మొదలైంది. పేరు, ఊరు, కష్టం, ఎన్నాళ్ళనుంచి. దాన్నిబట్టి రాతికి రంగు. సాధారణ కష్టానికి ఆకుపచ్చ, మధ్యమ కష్టానికి పసుపు, తీవ్ర కష్టానికి ఎరుపు. రంగు మీద నల్ల అక్షరాలతో కష్టం పేరు. దిగేవాళ్ళు చదువుకుని, తమ శక్తికి తగ్గది ఎంచుకోవచ్చు. చూస్తే బానే ఉంది. నేనే మెచ్చుకున్నాను.

గంట గడిచేసరికి పైకి వచ్చిన ప్రతి రాయీ ఎర్రగానే ఉంది. మేమెవరమూ ఆలోచించని సంగతి ఏమిటంటే, తన కష్టం సాధారణమని ఒప్పుకునే మనిషి మా జిల్లాలో లేడు. చివరికి ముక్కుదిబ్బడ వాడు కూడా తీవ్రమనే చెప్పుకున్నాడు. ఆరు నెలలుగా పకోడీ వాసన తెలియడం లేదట.

అందుకని శనివారం ఉదయం కష్ట నిర్ధారణ కమిటీ వేశారు. ఒక రిటైర్డు హెడ్మాస్టరు, ఒక నర్సమ్మ, రోడ్లు వేయించే ఇంజినీరు ఒకాయన. హెడ్మాస్టరు గారు అందరికీ పాస్ మార్కులు వేసేవారు. ఇంజినీరు గారు కష్టం పొడవెంత, వెడల్పెంత అని అడిగేవారు. అంటే ఎన్నేళ్ళుగా, ఎంతమందికి అని. నర్సమ్మ ఒక్కత్తే నిజంగా వినేది. అందుకని ఆమె దగ్గర వరస కదలడం లేదని మధ్యాహ్నానికి ఆమెను మంచినీళ్ళ డ్యూటీకి మార్చారు.

కమిటీ తీవ్రాన్ని మధ్యమం చేసింది, మధ్యమాన్ని సాధారణం చేసింది. జనం అప్పీలు కౌంటరు కావాలన్నారు. "నాకు ఆకుపచ్చ యేస్తారా? మా అత్త పడే బాధలు మీకు ఉత్తయ్యా?" అని ఒకతను ఇంజినీరు గారి కాలరు పట్టుకున్నాడు. అత్త మీద అంత ప్రేమ ఉన్న అల్లుణ్ణి నేనైతే అదే చూడటం.

పైన నా దగ్గర ఇంకో తంతు. ఆకుపచ్చ రాయి కనపడితే చాలు, పదిమంది మీద పడుతున్నారు. కమిటీ ఆకుపచ్చకు దించిన ఆ ముక్కుదిబ్బడ రాయి కోసం నాకు మూడు సిఫార్సు ఉత్తరాలు, రెండు ఫోన్లు వచ్చాయి. చివరికి ఒక పెద్దమనిషి ఇద్దరు మనుషుల్ని పంపించి, దాన్ని తువ్వాల్లో చుట్టించుకుని తెప్పించుకున్నాడు. ముందే మాట్లాడి పెట్టుకున్నాడట. పంటినొప్పి తెచ్చినవాళ్ళు మెడనొప్పి పట్టుకెళ్ళారు. దాయాదుల తగువు తెచ్చినాయన బోరు పడకపోవడం పట్టుకెళ్ళాడు. ఒక మొగుడూ పెళ్ళాం ఇద్దరూ చెరో రాయి ఎంచుకుని, సగం దూరం దిగి, నీది తేలిగ్గా ఉందంటే నీది తేలిగ్గా ఉందని పోట్లాడుకుని మార్పిడికి మళ్ళీ ఎక్కి వచ్చారు.

ఆ గుంపులోనే ఒక నడివయసు కోడలు ఒక పసుపు రాయి తిప్పి తిప్పి చదివింది. దాని మీద 'కోడలి నోరు' అని ఉంది, కింద ఊరి పేరు, ఇంటి పేరు.

"ఇది మా అత్తది," అంది నాతో. "ఈ నోరు నాదే."

"వేరేది తీసుకోండమ్మా."

"ఎందుకూ? నన్ను నేను తీసకపోతే ఎవురికి నష్టం? ఇంటికాడ ముసల్దాని మంచం కింద పెడతా." ముద్ర కొట్టించుకుని ఉషారుగా దిగిపోయింది. మూడు రోజుల్లో సంతోషంగా దిగినది ఆవిడొక్కతే అనుకుంటాను.

శనివారం సాయంత్రానికి లెక్క తీశాను. చేరిన రాళ్ళు పద్నాలుగు వేల రెండువందల పన్నెండు. పోయినవి పన్నెండు వేల మూడువందలు. మండలంలో కష్టాలేవీ తగ్గలేదు, చిరునామాలు మారాయి. మిగిలిన పందొమ్మిదివందల పన్నెండు రాళ్ళూ ఎర్రవి. కమిటీ కూడా తగ్గించలేకపోయినవి. అవి వెలివేసినట్టు ఒక పక్క పడి ఉన్నాయి. జనం వాటి పక్కనుంచి పోయేటప్పుడు చీర కుచ్చిళ్ళు, పంచె అంచులు ఎత్తి పట్టుకుని పోతున్నారు. ముందురోజు దాకా అవి వట్టి రాళ్ళు. ఎవరిదేదో ఎవరికీ తెలిసేది కాదు, అన్నీ కలిసిపోయేవి. ఇప్పుడు వాటికి పేర్లున్నాయి. చదివితే అన్నం సహించలేదు నాకు.

ఆఫీసుకి లెక్క పంపితే ధన్వంతరిరావు గారికి కోపం వచ్చింది. ఆదివారం ఉదయం ఆయనే కొండెక్కారు. బూట్లు విప్పనక్కర్లేదని ఫాదర్ గారు అన్నా, చూసేవాళ్ళకి బావోదని విప్పారు. పైకి వచ్చేసరికి అరికాళ్ళు ఎర్రగా కంది, ముఖం అంతకన్నా కంది ఉన్నారు. పూజ అయిపోగానే మైకు అడిగి తీసుకున్నారు.

"సోదర సోదరీమణులారా! రాయి అనగా రాయి మాత్రమే. అందు సిలికా, సున్నము వంటి పదార్థములు తప్ప వేరే ఏ పదార్థమూ లేదని నిపుణులు చెప్పియున్నారు. కావున ఎర్ర రాళ్ళ విషయమై అపోహలు వీడి, వరుసలో వచ్చిన ప్రతివారును ముందున్న రాతిని ఎంపిక లేకుండా స్వీకరించవలెను. సాయంత్రము ఐదు గంటలకు ఈ కొండపై ఒక్క రాయియు అదనముగా ఉండరాదు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పొద్దుటినుంచి రాళ్ళు తెచ్చుకున్నవాళ్ళు వాటిని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు.

ఆ వరసలోంచే తెరేజమ్మ నా టేబులు దగ్గరికి వచ్చింది. గంగిరేవుపాలెం మనిషి, మిరపకాయల కల్లాల్లో తొడిమలు తీసే పనికి పోతుంది. పక్కన కూతురు సగాయం. పంతొమ్మిదేళ్ళ పిల్ల, సన్నగా, నుదుటి మీద పాత కుట్ల మచ్చ. తెరేజమ్మ చేతిలో రాయి పెద్దదేం కాదు, కొబ్బరికాయంత. ఎర్ర రంగు ఇంకా తడిగా ఉండి ఆమె జాకెట్టుకి అంటుకుంది. 'మూర్ఛ. కూతురికి. పదేళ్ళు' అని ఉంది దాని మీద. ఆమె దాన్ని గుట్టలో పడెయ్యలేదు.

"అయ్యా, ఇది ఈడ పెడితే ఎవురికిస్తారు?" అని అడిగింది.

"వరసలో వచ్చినవాళ్ళకమ్మా."

"ఆళ్ళకి పిల్లలుంటే?"

దానికి నా రిజిస్టర్లో గడి లేదు. వెతుకుతున్నట్టు పేజీ తిప్పాను.

"మా పిల్ల తొమ్మిదేళ్ళప్పుడు వాకిట్లో ముగ్గేస్తా పడిపోయింది," అంది తెరేజమ్మ. "మొదటిసారి ఆడనే. పడ్డచోట ఈ రాయి ఉంది, దీని మీదే నుదురు కొట్టుకుంది. తవ్వి తీసి అప్పట్నించీ దాచా. పిల్ల తనంతట తను కొండెక్కగలిగిన ఏడు తెచ్చి ఇస్తా తల్లీ అని మొక్కుకున్నా. పదేళ్ళయింది. ఏడు నెలల్నించీ రాలేదయ్యా దానికి. ఈ ఏడు ఎక్కింది."

"మాత్రలు వేస్తున్నారా?" ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను.

"ఎందుకెయ్యనూ, పూట తప్పకుండా ఏస్తన్నా. మాత్రల పని మాత్రలది. ఇది నా పని."

"ఇక్కడ పెట్టడం ఇష్టం లేకపోతే మీ రాయి మీరే తిరిగి తీసుకెళ్ళొచ్చమ్మా. నిబంధన ఒప్పుకుంటుంది."

"తిరిగి ఇంటికి తీసకపోతే అది మళ్ళీ మా ఇంటికొచ్చినట్టే గదా. ఈడ పెడితే ఎవురి పిల్లకో ఇచ్చినట్టు. నేనేం జెయ్యాలో నువ్వే జెప్పు నాయనా."

ఇరవై రెండేళ్ళ సర్వీసులో నాకు జవాబు తెలియని ప్రశ్నలు చాలా వచ్చాయి. వాటన్నిటికీ 'పరిశీలనలో ఉన్నది' అని చెప్పాను. ఆ మాట ఆరోజు నోట్లోంచి రాలేదు.

వరస ఆగిపోయిందని ధన్వంతరిరావు గారు దగ్గరికి వచ్చారు. "ఏమిటి జాప్యము?"

చెప్పాను. ఆయన తెరేజమ్మ వైపు తిరిగి, కోపంగా కాదు, నిజంగా నచ్చజెప్పే గొంతుతోనే, "అమ్మా, మీరు అనవసరముగా బాధపడుచున్నారు. వ్యాధి అనునది మెదడుకు సంబంధించినది. రాతికి సంబంధము లేదు. ఎవరు తీసుకొనిపోయినా వారికేమీ కాదు," అన్నారు.

"ఏమీ కాదా అయ్యా?"

"ఏమీ కాదు."

తెరేజమ్మ ముఖం తేటపడింది. ఆమె ఆయన్ని నమ్మింది. నాకు ఇప్పటికీ గుర్తున్నది ఆ నమ్మకమే. చదువుకున్నాయన, పెద్ద ఆఫీసరు, ఏమీ కాదంటున్నాడు. "అయితే మీరే తీసకపోండయ్యా," అంది, రాయి రెండు చేతులతో ఆయన ముందుకు చాపి. "మీకైతే నాకు బెంగ లేదు. మీకు తెలుసు గదా ఏమీ కాదని."

అందులో వెటకారం ఇసుమంత లేదు. చుట్టూ ఉన్న రెండువందల మందీ ఇంకాస్త దగ్గరికి జరిగారు. ధన్వంతరిరావు గారు, "తప్పకుండా, దానికేమున్నది," అని చేతులు చాపారు.

చాపిన చేతులు రాతికి జానెడు దూరంలో ఆగిపోయాయి.

ఆయన రాతి మీది అక్షరాలు చదువుతున్నారు. ఆయనకూ ఒక కూతురుంది, ఇంటర్ చదువుతోంది. ఆ సంగతి మా ఆఫీసులో అందరికీ తెలుసు. ఆ పిల్ల మార్కుల కాగితం ఆయన చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతారు. ఆయన సగాయం వైపు చూశారు, నుదుటి మీది మచ్చ చూశారు. చేతులు ముందుకు పోలేదు, వెనక్కీ రాలేదు. నాకు నవ్వు రావలసిన చోటు అది. మూడు రోజులుగా ఆ మనిషి మమ్మల్ని పెట్టిన తిప్పలకి పొట్ట పట్టుకుని నవ్వాలి. నవ్వు రాలేదు. అక్కడెవరూ నవ్వలేదు.

ముందుగా కదిలింది తెరేజమ్మే. రాయి చటుక్కున వెనక్కి లాక్కుని గుండెకి హత్తుకుంది. "వద్దులే అయ్యా, ముట్టుకోమాక," అంది. "మీ ఇంట్లో కూడా పిల్లలున్నట్టున్నారు. నాకు తెలీక అన్నా."

"అమ్మా, ఇంటికి పోదాం పద," అంది సగాయం. "నాకలవాటేగా."

ఇద్దరూ వెనక్కి తిరిగారు. తెరేజమ్మ రాయి పట్టుకునే దిగడం మొదలెట్టింది. జనం దారి ఇచ్చారు. పది అడుగులు వేసి ఉంటారు.

"ఆగండి!" అన్నారు ధన్వంతరిరావు గారు. గొంతు ఆయనది కాదు. ఒక్క క్షణం తడబడి, తన భాష వెతికి పట్టుకున్నారు. "ఈ ఒక్క రాతికి... ప్రత్యేక సందర్భముగా పరిగణించి... నిర్గమనము నుండి మినహాయింపు ఇవ్వడమైనది. ఎవరును దీనిని తీసుకొనిపోనవసరము లేదు. అమ్మా, మీరు పెట్టవచ్చును. పెట్టి, వట్టి చేతులతో వెళ్ళవచ్చును."

నేను రిజిస్టరు తీశాను. "కారణం ఏం వేయమంటారు సార్?"

"పరిపాలనా కారణములు."

తెరేజమ్మ పాత గుట్ట మీదికి ఎక్కింది. విచారణలో ఉన్న గుట్ట అది, చెయ్యి వేయరాదు. ఎవరూ ఆపలేదు. నడిమధ్య దాకా పోయి, కూర్చుని, నాలుగు రాళ్ళు తీసి, తనది అడుగున పెట్టి, పైన ఆ నాలుగూ కప్పింది. దిగి వచ్చి సగాయం చెయ్యి పట్టుకుంది. ఎర్ర రంగు ఆ పిల్ల చేతికి కూడా అంటుకుంది. ఇద్దరూ వెనక్కి చూడకుండా దిగిపోయారు.

తరవాత ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు. "మరి మాది?" అన్నాడు వెనకవాడు. వాడి రాయి కూడా ప్రత్యేక సందర్భమే. ఆ వెనకావిడదీ అంతే. మినహాయింపుల వరస నా టేబులు దగ్గర్నుంచి కొండ కిందిదాకా సాగింది. మధ్యాహ్నానికి కబురు ఊళ్ళకి పాకి, శుక్ర శనివారాల్లో ఎవరెవరివో పీడలు మోసుకుపోయినవాళ్ళంతా ఆటోల్లో, ట్రాక్టర్లలో వాటిని తెచ్చి మళ్ళీ ఎక్కించారు. బోరు పడకపోవడం వచ్చింది, మెడనొప్పి వచ్చింది. ముక్కుదిబ్బడ మాత్రం రాలేదు. ఆ పెద్దమనిషి దాన్ని వదులుకోలేదని విన్నాను. నేను ఐదింటి దాకా చెయ్యి నొప్పెట్టేట్టు 'పరిపాలనా కారణములు' వేస్తూనే ఉన్నాను. ఉత్తర్వును రద్దు చేయలేదు, అది ఇప్పటికీ అమల్లోనే ఉంది. మినహాయింపు లేనివాళ్ళందరికీ వర్తిస్తుంది. అలాంటివాడు ఇంతవరకూ ఒక్కడూ కనబడలేదు.

జనం పల్చబడ్డాక ధన్వంతరిరావు గారు గుట్ట దగ్గర ఒక్కరే నిలబడి ఉంటే మంచినీళ్ళు తీసుకెళ్ళాను. ఆయన తాగలేదు.

"ఆమె రాయి ఎక్కడ పెట్టినదో చూశారా?" అన్నారు.

"మధ్యలో సార్. అడుగున."

"ఆ చోట ఎవరూ కదిలించకుండా చూడండి. ఒక మనిషిని పెట్టండి."

ఇరవై రెండేళ్ళలో మొదటిసారి నాకు పై అధికారిని ఒక మాట అడగబుద్ధేసింది. "ఎవరైనా కదిలిస్తే ఏమవుతుంది సార్?"

"చిన్నప్పా, మీకు ఆడపిల్లలున్నారా?"

"ఇద్దరు సార్."

"అయితే అడగకండి," అన్నారు.

నేను మరి అడగలేదు. కాపలా మనిషి మర్నాటినుంచి వస్తాడు కాబట్టి, ఆ సాయంత్రం చీకటి పడేదాకా నేనే ఉన్నాను.